ఆగిన ఇంజను, కదిలిన చక్రం

"ఈయన బండి పెట్రోలుతో నడవట్లేదు మేడమ్. బతిమాలితే నడుస్తోంది."

పక్క సీటు గుమాస్తా మాటకు గదిలో అందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు.

ఊళ్ళో తిరిగే బళ్ళన్నీ కలిసి ఏడాదికి ఎంత పొగ వదులుతాయో అంచనా కట్టడం ఆ ఆఫీసు పని. ఆ పనంతా చూసేది ఆమె. అందుకోసం కొన్ని ఆటోలకు చిన్న యంత్రాలు బిగించారు. బండి ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, ఇంజను నడుస్తోందా ఆగిందా, అన్నీ ఆ యంత్రం చెబుతుంది. ఆ కొన్ని బళ్ళను చూసే ఊరంతటికీ లెక్క.

ఆ కొన్ని అబద్ధం చెబితే ఊరంతా అబద్ధమే.

ఎదురుగా నిలబడ్డ డ్రైవరు బండి రోజూ మధ్యాహ్నం వింతగా నడుస్తోంది. ఇంజను ఆగిపోతుంది. చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి, మనిషి నడిచినంత మెల్లగా. కాసేపటికి ఇంజను మళ్ళీ మొదలవుతుంది.

"యంత్రం వైరు పీకేస్తున్నారు కదూ?" అంది ఆమె.

"లేదు మేడమ్."

"రద్దీలో మెల్లగా పోయేటప్పుడే పొగ ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఇంజను ఆగినట్టు చూపిస్తున్నారు. పాత బళ్ళను తీసేస్తారని భయమా?"

"అయ్యో, నాకంత తెలివుంటే ఈ పాత బండి ఎందుకు తోలుతాను మేడమ్! అది రద్దీ కాదు, ఓ చిన్న వీధి. అక్కడ నేనే..."

చెప్పబోతూ బల్ల మీదికి చూశాడు.

బల్ల మీద ఓ ఫొటో. ముందు పన్ను ఊడిన పాప, కిటికీ ఊచలు పట్టుకుని నవ్వుతోంది.

ఆయన ఫొటోను చూశాడు. ఆమెను చూశాడు. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది.

"ఊఁ, అక్కడ మీరే? చెప్పండి."

"ఏం లేదమ్మా."

అంతవరకు 'మేడమ్' అన్నవాడు 'అమ్మా' అన్నాడు. ఆమె గమనించలేదు.

"అంటే వైరు పీకారన్నమాట."

"మీరెలా రాసుకుంటే అలాగేనమ్మా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఫొటోలో పాప ఇప్పుడు లేదు. ఊపిరాడక, ఓ చలికాలం తెల్లవారుతుండగా ఆమె ఒళ్ళోనే పోయింది. ఆ ఇంట్లో ఉండలేక ఆమె ఊరికి ఈ చివరకు మారిపోయింది. పొగ లెక్క ఉన్నదున్నట్టు బయటపెడితే ఇంకో తల్లి ఒడి ఖాళీ కాదని, ఆ ఒక్క ఆశతోనే రోజూ ఈ కుర్చీలోకి వచ్చి కూర్చుంటోంది.

"పొగ దాచేశారు, సరే. అది ఏ పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆయన తల దించుకున్నాడు. భుజానికి కళ్ళు రుద్దుకున్నాడు.

"ఏడుపు కూడానా! బాగుంది," అన్నాడు గుమాస్తా.

ఆ బండి లెక్క కొట్టేశారు. యంత్రాన్ని మోసం చేసిన బండి అని ఆమె పై అధికారికి రాసింది. బండిని రోడ్డు మీదికి రానివ్వకుండా చేశారు.

కొన్నాళ్ళకు పై అధికారి అడిగాడు.

"కొట్టేసిన లెక్కలు ఏయే దారుల్లోవో మ్యాపులో చూపించండి."

ఆమె మ్యాపు తెరిచింది. ఆ డ్రైవరు ఇంజను ఆగిన చోటల్లా ఓ ఎర్ర చుక్క. రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పడి చిన్న గీతలా కనిపిస్తున్నాయి.

ఆ గీత రద్దీ రోడ్డు మీద లేదు.

ఓ సందు మలుపులో మొదలైంది. దర్జీ కొట్టు దాటింది. ఓ ఇంటి ప్రహరీ పొడుగునా సాగి, ప్రహరీ అయిపోయాక ఆగింది.

ఆ ఇల్లు ఎవరిదో ఆమెకు మ్యాపు చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రమే వెళ్ళింది. పాత ఇంటి కిటికీ మూసే ఉంది. ఎదుటి కొట్టులో దర్జీ ఆవిడ మిషను ఆపి లేచి వచ్చింది.

"అమ్మాయీ! ఎన్నాళ్ళకు గుర్తొచ్చామే!"

"పిన్నీ, ఈ వీధిలోకి మధ్యాహ్నం పూట ఓ పాత ఆటో..."

"తోపుడుబండా? పిల్లలు పెట్టిన పేరులే. చివరింట్లో అద్దెకుండేవాడు. అన్నానికి వస్తూ మలుపులోనే ఇంజను ఆపేసి, దిగి తోసుకుంటూ వచ్చేవాడు. ఎండైనా అంతే, వానైనా అంతే."

"ఎందుకు?"

తెలిసే అడిగింది.

"పాప నీకు చెప్పలేదూ? దగ్గు ఎక్కువైతే బడి మానేసి, నువ్వు పనికెళ్ళాక కిటికీలో కూర్చునేదిగా. ఓ రోజు 'మామయ్యా, నీ బండి వస్తే నాకు దగ్గొస్తుంది' అంది. 'ఇంక రాదులే తల్లీ' అన్నాడు. ఆ తర్వాత ఈ ఇంటి ముందు ఇంజను చప్పుడు వినలేదు నేను."

"ఉన్నాడా పిన్నీ?"

"ఎక్కడ? మోసగాడని ఎవరో రాసిపడేశారట. బండి పోయింది. గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎటన్నది ఎవరికీ చెప్పలేదు."

ఆమె మూసి ఉన్న కిటికీ వైపు తిరిగింది.

"కానీ పిన్నీ... యంత్రం పెట్టింది మొన్ననేగా. పాప పోయి ఏడాది దాటింది. అయినా తోస్తూనే ఉన్నాడా?"

"నేనూ అదే అడిగాను. కిటికీ మూసేశారుగా, ఇంకా ఎందుకయ్యా ఈ తోపుడు అని."

"ఏమన్నాడు?"

దర్జీ ఆవిడ వేలికి చుట్టుకున్న దారం విప్పింది.

"'ఇంక చాల్లే మామయ్యా అని పాప చెప్పలేదుగా అక్కా' అన్నాడు."