ఆఖరి మాట ఏది?

"మూడూ ఆఖరి మాటలు ఎలా అవుతాయి? ఆఖరిది ఒకటే కదా ఉండాలి?"

బైబిలు క్లాసులో వెనక బెంచీ నుంచి ఆ మాట అన్నది స్వయానా చెల్లెలే కావడంతో లెక్కల మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తండ్రి పోయిన ఈ మూడు నెలల్లో ఆవిడ ప్రతి ఆదివారం వస్తోందిగానీ నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఇవాళ లేచి నిలబడి మరీ అడుగుతోంది. నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్ణి అడిగి యేసు ప్రాణం విడిచాడని ఒక సువార్తలో ఉందట. నా ఆత్మను నీకప్పగిస్తున్నానన్నాడని ఇంకొకదాంట్లో ఉందట. అంతా పూర్తయిందన్నాడని వేరొకదాంట్లోనట. ఒకరు నిజం రాస్తే మిగతావాళ్ళు అబద్ధం రాసినట్టే కదా అంది.

బైబిల్లో పొంతన కుదరని చోటు ఎక్కడ కనిపించినా మాస్టారి ముందు తెచ్చి పడెయ్యడం ఆ సంఘంలో అందరికీ అలవాటే. పాస్టరుగారైతే "మాస్టారున్నారుగా" అని హాయిగా చేతులు దులిపేసుకుంటారు. మాస్టారు గొంతు సవరించుకుని, తాపీగా విడమరిచి చెప్పారు. నన్నెందుకు విడిచావన్న మాట రాసినవాళ్ళు, ఆ తర్వాత ఆయన మళ్ళీ పెద్ద కేక వేశాడని కూడా రాశారు. ఆ కేకలో ఏమన్నాడో మాత్రం రాయలేదు. అది మిగతా ఇద్దరూ రాశారు. దీని తర్వాత ఇంకేమీ అనలేదని ఒక్కరూ రాయలేదు. ఒకరు దగ్గర నిలబడి విన్నారు, ఒకరు విన్నవాళ్ళని అడిగి తెలుసుకున్నారు. తక్కువ చెప్పడం వేరు, తప్పు చెప్పడం వేరు.

"మరి సాక్షిని ఏం చూసి నమ్మాలి?" అంది చెల్లెలు, ఇంకా కూర్చోకుండానే.

"సాక్షి అన్నవాడు అన్నీ చెప్పక్కర్లేదమ్మా. లేనిది మాత్రం చెప్పకూడదు."

అనేశాక ఆయన గబుక్కున బోర్డు వైపు తిరిగి, ఏమీ రాయని చోటుని కూడా తుడవడం మొదలుపెట్టారు.

క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయాక అన్నాచెల్లెళ్ళిద్దరూ బెంచీలు గోడవారకి జరుపుతున్నారు. చెల్లెలు సంచీలోంచి ఒక కాగితం తీసింది. సమాధి రాయి చెక్కే మేస్త్రీ ఫోను మీద ఫోను చేస్తున్నాడట. నాన్న పేరు కింద ఏ మాట చెక్కాలో రేపటికల్లా చెప్పాలట.

"ఆఖరి మాటే చెక్కిద్దామా అన్నయ్యా?"

'చిన్నదాన్ని క్షమించానని చెప్పు. ఇంటికి రమ్మను.' తండ్రి ఆఖరి మాట ఇదేనని, ఆ రోజు శవపేటిక పక్కన నిలబడి మాస్టారే అందరికీ చెప్పారు. తన మాట కాదని వెళ్ళిపోయిన కూతురితో ఎనిమిదేళ్ళు మాట్లాడని మనిషి ఆయన. ఆ మాట విని చెల్లెలు కుప్పకూలిపోయింది. అంతవరకూ ఆవిడని చూసి మొహం తిప్పుకున్న ఆడవాళ్ళే వచ్చి దగ్గరికి తీసుకున్నారు. పాస్టరుగారు దాన్ని ఇప్పటికి రెండు ప్రసంగాల్లో వాడుకున్నారు. మీ నాన్నగారిది ఎంత మంచి మనసు మాస్టారూ అని ఎవరు అన్నా, ఆయనకి అన్నం సహించేది కాదు.

ఇప్పుడు ఊ అంటే చాలు, అది రాయికెక్కుతుంది.

మాస్టారు బెంచీ వదిలేశారు. "ఆ మాట నాన్న అనలేదమ్మా. నేను కల్పించాను."

ఆయన ఆగితే మళ్ళీ చెప్పలేనేమోనన్న భయంతో గబగబా చెప్పుకుపోయారు. తండ్రి పోయేటప్పటికి అసలు తాను గదిలోనే లేడు. మధ్యాహ్నం ఆకలికి తాళలేక ఆసుపత్రి కింద క్యాంటీనుకి వెళ్ళాడు. పావుగంటలో తిరిగొచ్చేసరికి నర్సు దుప్పటి మొహం మీదికి లాగుతోంది.

"నాన్న దిక్కులేనివాడిలా ఒంటరిగా పోతుంటే, నేను కింద కూర్చుని తింటున్నాను. నీ కోసం ఆ అబద్ధం ఆడానని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ కోసం కాదు. నేను పక్కనే ఉన్నానని జనం అనుకోవాలి, అంతే."

ఆవిడ ఏడుస్తుందనుకున్నారు, కాదంటే చెంప పగలగొడుతుందనుకున్నారు. ఆవిడ కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

"నాన్న ఒంటరిగా పోలేదు," అంది మెల్లిగా. "నేను రోజూ వచ్చి మెట్ల దగ్గర చాటుగా నిలబడేదాన్ని. లోపలికి రావడానికి ధైర్యం చాలేది కాదు. ఆ రోజు నువ్వు కిందికి దిగడం చూసి వెళ్ళాను. నన్ను చూసి చెయ్యి చాపాడు. అంతా అయిపోయాక నర్సుని కేకేసి, నీకు మొహం చూపించలేక వెనక దారిన వెళ్ళిపోయాను. తర్వాత చెబుదామనుకుంటే, నువ్వప్పటికే అందరి ముందూ చెప్పేశావు. కాదంటే నీ పరువేం కాను?"

మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమైనా అన్నాడా?"

"ఊపిరి అందక కొట్టుకుంటుంటే, అన్నయ్యని పిలుచుకొస్తానని లేచాను. నా చెయ్యి వదల్లేదు." చెల్లెలు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "'వాణ్ణి పిలవకు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు' అన్నాడు."