స్టాక్‌హోమ్‌లో ఉదయశ్రీ

"మీరందరూ కలిసే ఆ పిల్లను దేశం దాటించారు."

పక్క బ్లాకులో ఉండే శ్యామలాదేవి అభిషేక్ ఫ్లాటు హాలు మధ్యలో నిలబడి, గుమ్మం గేటు దగ్గర మూగిన ఇరుగుపొరుగుకు వినపడేట్టు అంది. "తన్నినోడు వీడు. చెవుల్లో దూది పెట్టుకున్నది మీరు. రామారావుగారూ, వీడు దాని తల కొట్టింది మీ గోడకేగా? టీవీ సౌండు పెంచుకున్నారు."

గేటు బయట రామారావు తల దించుకున్నాడు.

తెలుగువాళ్లు వలసొచ్చిన సెరంగూన్ పేటలో ఆ అంతస్తు మొత్తానికీ తెలుసు. కొట్టడం గరిటెతో మొదలై బెల్టు దాకా వెళ్లింది. ఉదయశ్రీ వాచిన కంటితో లిఫ్టులో కనపడి, బాత్రూంలో జారిపడ్డానని చెప్పేది. అడిగినవాళ్లకు కావలసిందీ ఆ జవాబే.

కిందటి ఆదివారం నుంచి ఆ ఇంట్లో చప్పుడు లేదు. స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం దొరికితే పెళ్లాం వెళ్లిపోయిందని అభిషేక్ అందరికీ చెప్పాడు. శ్యామలాదేవి కూతురు నిఖిల పోయినేడు యూనివర్సిటీ పని మీద జూన్‌లోనే ఆ ఊరు వెళ్లొచ్చింది. రాత్రి పదయినా అక్కడ వెలుతురు పోదని, మందపాటి కర్టెన్లు లేకపోతే నిద్రే పట్టదని చెప్పింది. పోనీలే, పిల్ల చీకట్లోంచి బయటపడింది అనుకుంది శ్యామలాదేవి. కానీ చెప్పాపెట్టకుండా పోతుందా? ఉన్ని బట్టలు, సర్టిఫికెట్లు ఇస్తే కొరియర్‌లో పంపుతానని, మొగుణ్ణీ కూతుర్నీ వెంటేసుకుని వచ్చింది.

"నా పెళ్లాం బట్టలు మీకెందుకు ఆంటీ?" అన్నాడు అభిషేక్. వాడు సామాన్ల గది ఇనప తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. యుద్ధమొస్తే దాక్కోవడానికని ఈ కొత్త ఫ్లాట్లలో మందపాటి గోడలతో కట్టే గది అది. యుద్ధం రాలేదు గనక అందరూ అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ నింపుకుంటారు.

హాల్లో ఉక్కపోస్తోంది. టేబుల్ ఫ్యాను ఆ గది గోడకున్న గాలి కంత వైపు తిరిగి ఉంది. శ్యామలాదేవి భర్త కృష్ణప్రసాద్ దాన్ని మనుషుల వైపు తిప్పబోయాడు. అభిషేక్ పిడికిలి ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. కృష్ణప్రసాద్ సోఫా మీద పడ్డాడు. పెదవి చీలి, చొక్కా ముందంతా నెత్తురైంది.

"బియ్యానికి చెమ్మ పట్టింది. ఫ్యాను ముట్టుకోమాకండి," అన్నాడు అభిషేక్, కొట్టాక.

"హీ ఈజ్ క్రేజీ లా," అంది నిఖిల ఇక్కడి ఇంగ్లీషు యాసలో. "పద నాన్నా, పోదాం," అంటూ తండ్రిని లేపబోయింది.

శ్యామలాదేవి చెయ్యి విసిరి వాడి చెంప వాయించింది. వాడు ఆ చెయ్యి పట్టుకుని మెలితిప్పాడు. గాజులు పగిలి మణికట్టులో దిగాయి. గేటు దగ్గర ఎవరో వీడియో తీస్తున్నారు. వాడు అది చూసి చెయ్యి వదిలేశాడు. నవ్వు మొహం పెట్టి ఫోను తీశాడు.

"వినండి. కొత్త సిమ్మంట, మీ నంబరు లేదంట. మీకు వినిపించమని నాకు పంపింది."

ఉదయశ్రీ గొంతే అది.

"ఆంటీ, నేను బాగున్నా. స్టాక్‌హోమ్ పద్నాలుగు దీవుల మీద కట్టిన రాజధాని. వంతెనలు యాభైకి పైనే. ఒకవైపు మంచినీళ్ల సరస్సు, ఇంకోవైపు సముద్రం. పాత ఊళ్లో పసుపూ ఎరుపూ గోడలు, రాళ్లు పరిచిన సందులు, రాజుగారి కోట. నోబెల్ విందు ఇక్కడి సిటీ హాల్లోనే ఇస్తారు. మెట్రో స్టేషన్లు కొండను తొలిచి కట్టారు. గుహల్లా ఉంటాయి, ఆ రాతి మీదే బొమ్మలు వేశారు."

పరీక్షకు బట్టీ పట్టినట్టుంది చెప్పే తీరు. తర్వాత కాస్త ఊపిరి పీల్చుకున్న చప్పుడు.

"ఏడింటికి చీకటి పడగానే దీపం పెట్టుకుంటున్నా ఆంటీ. మీరు పెట్టే వేళకే."

"చాలా?" అన్నాడు అభిషేక్.

గేటు దగ్గర జనం పలచబడసాగారు. పిల్ల సుఖంగానే ఉందిగా, ఇంక వదిలెయ్యమని రామారావు సలహా ఇచ్చాడు. తప్పు తనమీద లేదని తేలినందుకు అతని గొంతు కాస్త లేచింది కూడా. కృష్ణప్రసాద్ పెదవికి చేతిరుమాలు అదుముకుని లేచాడు.

శ్యామలాదేవి మాత్రం కదల్లేదు. కిటికీ బయట సెరంగూన్ మీద ఎప్పటిలాగే ఏడింటి చీకటి దిగుతోంది. వరండా లైట్లు వెలిగాయి.

నిఖిల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, ఇది జూన్," అంది మెల్లగా.

శ్యామలాదేవి వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడింది. ఇళ్లకు మళ్లినవాళ్లను పేరుపేరునా పిలిచి వెనక్కి తిప్పింది. నెత్తురు కారుతున్న చెయ్యి చాపి చూపించింది.

"ఆ ఇనప తలుపు ఇప్పుడే తెరవండి."