బొట్టు పెట్టిన ట్యాంకు

రంగనాయకి మొగుడు రామసుబ్రహ్మణ్య రాజాకు చెవులు రెండే. ఒకటి ఇంట్లో తెలుగుకు, ఒకటి వీధిలో తమిళానికి. పెళ్లాం మాట వినడానికి మూడోది మొలవాలి. ఈ జన్మలో అది మొలిచేలా లేదు.

పెట్రోలు బంకు వెనకే వాళ్ల ఇల్లు. బంకు కింద రాజా నాన్న కొబ్బరికాయ కొట్టి పూడ్పించిన పాత ఇనుప ట్యాంకు. ప్రతి శుక్రవారం దాని మూతకు రాజా పసుపు పూసి కుంకుమబొట్టు పెడతాడు. అత్తగారు పోయిన లోటు ఆ ట్యాంకే తీరుస్తోందని రంగనాయకి అంటుంది.

"ఇప్పుడొచ్చేది ఇథనాల్ కలిసిన పెట్రోలంట. మూత కింద పాత రబ్బరును తినేస్తుందంట. మార్చమని కంపెనీవాళ్లు చెప్పలేదా?"

"నాన్న బిగించిన రబ్బరు. ఇన్నేండ్లు ఒక చుక్క వాననీళ్లు లోపలికి దిగలేదు."

పంపు మీద కంపెనీవాళ్లు అంటించిన 'ఇథనాల్ ఇరవై శాతం' స్టిక్కరును రాజా ఆమె దోశల గరిటెతోనే గీకేసినాడు. అది చూసి బండ్లు పక్క బంకుకు పోతున్నాయంట.

ఆ వారమే ఒక మనిషి వచ్చినాడు. నెరిసిన గడ్డం, భుజాన గుడ్డసంచి.

"స్టిక్కరు ఎక్కడ, ముదలాళి?" అని బంకు ఓనరైన రాజాను అడిగినాడు.

"నువ్వెవరు? ఆఫీసరా?"

"లేదు."

"మరి నీకెందుకు?"

ఆయన సంచిలోంచి ఒక స్టిక్కరు తీసి అంటించి పోయినాడు. రాజా గీకేసినాడు. ఆయన మళ్లీ అంటించినాడు. రాజా మళ్లీ గీకినాడు.

ఆ పైసారి రాజా ఆయన చొక్కా పట్టి రోడ్డు మీదికి తోసినాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది.

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "వాన వచ్చేలోపల ఆ మూత రబ్బరు మార్చండి."

"ఇంగోసారి కనిపించినావంటే కాలు విరుస్తా."

"ఆయన చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే కదా," అనింది రంగనాయకి.

"అందుకే నమ్మలేదు."

వాన వచ్చింది.

తెల్లారి పెట్రోలు పోయించుకున్న బండ్లు రోడ్డు చివర మిల్లు గేటు దాకా కూడా పోలేదు. దగ్గి దగ్గి ఆగిపోయినాయి. వాటిలో జెయకుమార్ అనే డ్రైవరు షేర్ ఆటో నడిరోడ్డు మీద ఆగితే, వెనక నుంచి టౌన్ బస్సు గుద్దేసింది. లోపల కూర్చున్న మిల్లు పనికి పోయే ఆడోళ్ల తలలు పగిలినాయి.

జెయకుమార్ ముఖమంతా రక్తంతో జాకీ రాడ్డు పట్టుకొని వచ్చినాడు. వెనకాల బండ్లు తోసుకుంటా సగం బజారు వచ్చింది.

"పెట్రోలని చెప్పి నీళ్లు అమ్ముతావా డా?"

రాడ్డు రాజా నెత్తి మీదికి లేచింది.

ఆ గడ్డం మనిషి అప్పటికే వచ్చి, ట్యాంకు మూత తెరిచి, నీళ్లెంత దిగినాయో చూసేదానికి లోపలికి కొలకర్ర దించుతున్నాడు.

రాజా వేలు దానంతట అదే లేచింది. "వాడే. ఊరికే వచ్చి తిరుగుతుంటాడు. వాడే పోసినాడు నీళ్లు."

రాడ్డు మొదట ఆ మనిషి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గడపలో నిలుచున్న రంగనాయకికి వినిపించింది. ఎవడో కొలకర్ర లాక్కుని దానితోనే ముఖాన కొట్టినాడు. పండ్లు రాలినాయి. కిందపడినవాణ్ణి చెప్పుకాళ్లతో కడుపులో తన్నినారు.

ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. తెరిచిన ట్యాంకు నోటి మీద బోర్లా పడుకొని, "బీడీ ఆర్పండి... ఎవురప్పా బీడీ, ఆర్పండి," అంటా ఉన్నాడు.

"ఆయన కాదు, మా ట్యాంకే," అని రంగనాయకి అడ్డం పోయింది. ఒక దెబ్బ ఆమె మోచేతి మీద పడింది.

"లోపలికి పో," అన్నాడు రాజా.

"మీరు చెప్పండి. మీరు చెప్తే వింటారు."

రాజా తల వంచుకున్నాడు.

రాడ్డు ఇంకోసారి లేచి ఆ మనిషి తల మీద దిగింది. పక్కనున్న మూత మీద కుంకుమ ఏదో, రక్తం ఏదో తెలియలేదు.

గవర్నమెంటు ఆస్పత్రిలో మధ్యాహ్నానికి ఆ మనిషి ప్రాణం పోయింది. మంసాపురం నుంచి ఆయన భార్య పళనియమ్మాళ్ వచ్చింది. చనిపోయినాయన పేరు చొక్కలింగం అని ఆమె చెప్తేనే తెలిసింది.

ఇన్‌స్పెక్టర్ రాజాను పక్కకు పిలిచినాడు. "ఆ మనిషి నీళ్లు పోస్తుంటే చూసినారా, ముదలాళి? చూసినానంటే మీ బంకు మీదికి ఏమీ రాదు."

రాజా నోరు తెరిచేలోపల, రంగనాయకి కట్టు కట్టిన చేత్తో పళనియమ్మాళ్ చెయ్యి పట్టుకునింది. "ఆయనకు మా బంకుతో ఏం పని అక్కా?"

"మీదొక్కటే కాదమ్మా. ఈ దారిలో అన్ని బంకులకూ పోతాడు."

"ఎందుకు?"

"మాకూ బంకు ఉండేది. వానకు ట్యాంకులో నీళ్లు దిగినాయని తెలియక, కాలేజీకి పోయే కూతురి స్కూటీకి తన చేత్తోనే పెట్రోలు పోసినాడు. బండి లారీ ముందర ఆగిపోయింది."

ఇన్‌స్పెక్టర్ మళ్లీ అడిగినాడు. "చూసినారా?"

"లేదు సార్," అన్నాడు రాజా, పళనియమ్మాళ్‌కు వినబడేలా. "ఆయన పోయలేదు. నీళ్లు నా ట్యాంకులోవి. తప్పు నాది."