ముప్ఫై రెండో ఎత్తు

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. ఎవరి కంప్యూటరైనా పాడైందని ఫోనొస్తే, "ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి" అని చెప్పి జారుకునే రకాన్ని నేను. చదివింది మాత్రం ఇంజినీరింగే. ఈ కథలో అమ్మాయీ అదే చదివింది గానీ, పాపం, జారుకోవడం నేర్చుకోలేదు.

"ఫార్మాట్ అనే మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు," అన్నాడు ఆ అమ్మాయి మావయ్య, రెండు చేతులూ సీపీయూ మీద వేసి.

రిపేరు షాపతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు. "మదర్‌బోర్డు కాలిపోయింది సార్. ఆ మోడల్ ఇప్పుడు రాదు. వేరేది పెడితే పాత విండోస్ లేవదు. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించుకోవడమే. దేవుడు దిగొచ్చినా ఇంతే."

"అయితే దేవుడొద్దులే. మా మేనకోడల్ని పిలుస్తా."

మేనకోడలు మధ్యాహ్నానికల్లా దిగింది. "అంత విలువైనది ఏముంది మావయ్యా ఇందులో?"

"చదరంగం."

మావయ్య రిటైరైన లెక్కల మాస్టారు. పదకొండేళ్లుగా ఈ కంప్యూటర్‌తో ఆడుతున్నాడు.

"వాడు నాలుగొందల పదకొండు ఆటలు గెలిచాడు, నేనూ నాలుగొందల పదకొండు. ఇప్పుడు నడుస్తున్న ఆటలో నాకో ఏనుగు ఎక్కువుంది. ముప్ఫై రెండో ఎత్తు నాది. సరిగ్గా అప్పుడే చచ్చింది ఈ బోర్డు."

"ఆ ప్రోగ్రాం సీడీ ఉందా?"

"ఎప్పుడో విరిగింది. అది తయారుచేసిన కంపెనీ మూతపడి కూడా ఏడేళ్లయింది."

"నేను మాట్లాడితే ఊ కొట్టే తీరిక ఉండదు," అంది అత్తయ్య వంటింట్లోంచి. "వాడు ఎత్తు వేసేదాకా మాత్రం గుడ్లప్పగించి కూర్చుంటారు."

"ఒక్క ఫైలు పోనివ్వను మావయ్యా. నీ ఏనుగు నీకుంటుంది," అంటూ మేనకోడలు సీపీయూ మూత తీసింది.

ముందు హార్డ్ డిస్క్ ఊడదీసి, మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసింది. దానికే రెండు గంటలు పట్టింది. ఈలోపు వెళ్లి తనకు తెలిసినవాళ్ల దగ్గర ప్రాసెసర్‌తో సహా ఒక బోర్డు పట్టుకొచ్చింది. వాడినదే, కానీ దీనికంటే చాలా మెరుగు. బిగించి స్విచ్ నొక్కితే స్క్రీన్ నీలంగా మారి, ఇంగ్లీషులో నాలుగు చీవాట్లు పెట్టి ఆరిపోయింది.

షాపతను ఫోన్ చేశాడు. "లేచిందా మేడమ్?"

"లేస్తుంది."

గొడవ ఎక్కడుందో కాసేపటికి తెలిసింది. కొత్త బోర్డు డిస్క్‌తో ఒక పద్ధతిలో మాట్లాడుతోంది, పాత విండోస్‌కి ఆ పద్ధతి తెలియదు. బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని పాత పద్ధతికి మార్చింది. ఈసారి విండోస్ బొమ్మ కనిపించి, ఆశ పెట్టి, మళ్లీ ఆరిపోయింది.

"ఇంకా లేవలేదా మేడమ్? ఫార్మాట్ అయితే అరగంట పని."

"లేస్తుందన్నాను కదా."

సేఫ్ మోడ్‌లో పెట్టి, కాలిపోయిన బోర్డు తాలూకు డ్రైవర్లను ఒక్కొక్కటే పీకేసింది, ఇల్లు ఖాళీ చేసినవాళ్ల పేర్లు గుమ్మం మీంచి చెరిపినట్టు. కొత్తవి ఎక్కించింది. పక్కన అత్తయ్య పెట్టిన టీ రెండుసార్లు చల్లారింది. మూడోది చల్లారేలోపు తెర మీద అదే వెలిసిన పూలబొమ్మ, అవే ఐకాన్లు, ఎక్కడివి అక్కడే కనిపించాయి.

షాపతనికి తనే ఫోన్ చేసింది. "లేచింది," అని పెట్టేసింది.

చదరంగం తెరిస్తే నాలుగొందల పదకొండు, నాలుగొందల పదకొండు. గళ్ల మీద మావయ్య ఏనుగు దర్జాగా నిలబడి ఉంది.

"అమ్మాయ్, నువ్వు మనిషివి కాదే," అన్నాడు మావయ్య కళ్లద్దాలు తుడుచుకుంటూ.

"తిట్టారా, మెచ్చుకున్నారా?" అంది అత్తయ్య.

మావయ్య ముప్ఫై రెండో ఎత్తు వేశాడు. అరనిమిషానికి కంప్యూటర్ బదులు వేసింది. మావయ్య కనుబొమలు పైకి లేచాయి. ముప్ఫై ఎనిమిదో ఎత్తుకి ఏనుగు పోయింది. నలభై నాలుగుకి ఆట కట్టు.

"కంగారుపడ్డాను. ఇంకోటి," అన్నాడు. అది ఇరవై రెండు ఎత్తుల్లో ముగిసింది. ఆ తర్వాతది పదిహేడులో.

"దీన్నేమైనా కెలికావా?"

"ప్రోగ్రాం జోలికే పోలేదు మావయ్యా. లెవెల్ అదే. ఎత్తుకి అరనిమిషం, అదీ పాతదే..." మేనకోడలు మాట మధ్యలో ఆగింది. తెర అడుగున ఉన్న అంకెను చూసింది. ఇప్పుడు ఓడిన ఆటల్ని వదిలి, పాత ఆటలు నాలుగు తెరిచి అక్కడి అంకెలూ చూసింది.

"అదే అరనిమిషంలో పాత బోర్డు ఏడు ఎత్తులు ముందుకు చూసేది మావయ్యా," అంది మెల్లగా. "ఇది పది చూస్తోంది."

మావయ్య ముందుకు వంగి ఆ అంకె చూశాడు.

"ఆలోచించే టైము తగ్గించనా?"

"కాళ్లు కట్టేసినవాడి మీద పరుగు పందెం గెలవమంటావా?"

"పోనీ, డేటా అంతా భద్రంగా ఉంది కదా. స్కోరు, ఆటలు, ప్రోగ్రాం, ఒక్కటీ పోలేదు. కావాలంటే నువ్వే చూసుకో."

మావయ్య చూశాడు. ఒక్కో ఫోల్డరూ తెరిచి, పదకొండేళ్లూ ఓపిగ్గా చూశాడు.

"అన్నీ ఉన్నాయమ్మా," అన్నాడు కుర్చీ వెనక్కి జరుపుతూ. "నాతో ఆడినవాడే లేడు."