ఊగే బెంచీ

కొత్త టీచరమ్మ మీద వడ్రంగి మేస్త్రీకి ఒళ్లు మండిపోతోంది. ఆరో తరగతి వెనక వరండాలో బెంచీలకి మరమ్మతు చేస్తున్నాడన్న మాటేగాని, చెవి మాత్రం గదిలోనే ఉంది. పాఠం మొదలై ఎంతసేపైనా ఆవిడ ఒక్క ముక్క చెప్పదే. అస్తమానం అడగడమే.

"జీతమిచ్చేది చెప్పడానికా, అడగడానికా?" అన్నాడు, బకెట్టుతో అటు పోతున్న ఆయాతో. తన రోజుల్లో పంతులు చెప్పేవాడు, పిల్లలు అప్పజెప్పేవారు. అప్పజెప్పలేకే తను అయిదులో బడి మానేసి చిత్రిక చేతపట్టాడు. "ఇలా అడగడం నేర్చుకోడానికి ఈవిడ ఎన్నేళ్లు చదివిందో, ఇంట్లోవాళ్లు ఏం అమ్ముకున్నారో పాపం."

"మధ్యలో మీకెందుకండీ ఆ ఏడుపు?" అని ఆయా నవ్వుకుంటూ పోయింది.

ఎందుకంటే, పని ఒప్పజెప్పిన రోజే హెడ్మాస్టరు అతన్ని పక్కకి పిలిచాడు. టీచరమ్మ ఈ మధ్యే చేరింది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోట్సు రాయించదు, ప్రశ్నా జవాబూ బట్టీ పట్టించదు, ప్రాజెక్టు పేరుతో పిల్లల్ని ఆడిస్తోందని తల్లిదండ్రులు గోల పెడుతున్నారు. శనివారానికి ఏదో ఒకటి తేల్చెయ్యాలి.

"తోటి టీచర్లని అడిగితే ఆవిడ వైపు మాట్లాడతారు. తల్లిదండ్రులేమో నిప్పులు కక్కుతున్నారు. ఎవరి తరఫూ కాని మనిషి మాట కావాలి నాకు. వారమంతా అక్కడే ఉంటారుగా, ఓ చెవి అటు వేసి ఉంచండి."

మేస్త్రీ తల వంచుకుని టేపు చుట్టుకుంటూ సరేనన్నాడు.

బోర్డు మీద టీచరమ్మ రాసింది ఒక్కటే ప్రశ్న. మన గదిలో బెంచీలు ఎందుకు ఊగుతున్నాయి? వారమంతా ఇదే పాఠమట. కొలతలు లెక్కల్లోకి వస్తాయట, కారణం సైన్సులోకి, చివర్న హెడ్మాస్టరుకి రాసే అర్జీ తెలుగులోకి.

మేస్త్రీ ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చాడు. "కాళ్లు పొట్టి. నన్నడిగితే ఒక్క ముక్కలో అయిపోయేది."

"చెప్పెయ్యకండి మేస్త్రీ గారూ," అంది టీచరమ్మ, అతని మొహంలోకి చూడకుండానే. పిల్లల వైపు తిరిగి, పొట్టి అని ఎలా తెలుసుకుంటాం అని అడిగింది. అంతే, పిల్లలు అతని టేపు లాక్కుని పోయారు.

ఊగే బెంచీని తలకిందులు చేసి కొలిచారు. నాలుగు కాళ్లూ సమానం.

"మేస్త్రీ గారి టేపు అబద్ధమాడుతోంది టీచర్," అన్నాడు అందరూ వాగుడుకాయ అని పిలిచే కుర్రాడు. గదంతా గొల్లుమంది.

"టేపు నిజమే చెప్తోందనుకుందాం. అప్పుడు తేడా ఇంకెక్కడ ఉండొచ్చు?"

పిల్లలు బెంచీ కాళ్లకేసి చూస్తున్నారు. ఆవిడ చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. బయట ఫీజు కట్టడానికి వచ్చిన ఒకాయన కిటికీలోంచి తొంగిచూసి, బావుంది చదువు అని పెదవి విరిచి పోయాడు. మేస్త్రీ వరండాలోకి పోయి పని ముందు కూర్చున్నాడు. "చెప్పెయ్యవే తల్లీ," అని గొణుక్కున్నాడు. లోపల్నించి ఆవిడ దగ్గు వినిపించింది. మేస్త్రీ లేచి, రంపం పొట్టు లేవకుండా వరండా అంతా నీళ్లు చిలకరించాడు.

చివరి బెంచీలో ఒక పిల్ల ఉంది. నోరు విప్పదని ముంగి అంటారు. ఆ పిల్ల నెమ్మదిగా లేచింది. "దీన్ని ఆ గోడ దగ్గర పెట్టి, అక్కడిది ఇక్కడ పెడితే?"

పెట్టారు. ఊగే బెంచీ గోడ దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఇన్నాళ్లూ కదలని బెంచీ గది మధ్యకి రాగానే ఊగడం మొదలెట్టింది.

మర్నాడు పిల్లలు నేల మీద నీళ్లు పోశారు. నీళ్లన్నీ పోయి గది నడుమ మడుగు కట్టాయి.

మేస్త్రీ చేతిలో సుత్తి ఆగిపోయింది. ఏటా సెలవుల్లో బెంచీలు బయటపడేసి, గది కడిగి, మళ్లీ ఎలా పడితే అలా సర్దుతారు. మళ్లీ ఊగుతాయి. మళ్లీ అతనికి కబురొస్తుంది. వచ్చి కాళ్ల కింద చెక్కముక్కలు దూర్చి పోతాడు. ఇన్నేళ్లూ కుంగింది నేలైతే, తను వైద్యం చేసింది బెంచీలకి.

"మరి ఇన్నాళ్లూ మీరేం బాగుచేశారు మేస్త్రీ గారూ?" అన్నాడు వాగుడుకాయ.

టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ ప్రశ్న ఆయనది. మన ప్రశ్న వేరే. నేల ఎందుకు కుంగింది?"

శనివారం హెడ్మాస్టరు తలుపు దగ్గరగా వేసి అడిగాడు. "ఉన్నదున్నట్టు చెప్పండి. ఉంచమంటారా, పంపెయ్యమంటారా?"

మేస్త్రీ ముందు తిట్లే అందుకున్నాడు. గదంతా సంత, నేలంతా తడి, తీసుకున్న టేపు ఇంతవరకూ తిరిగివ్వలేదు. తరవాత చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"ఆ ముంగి నోరు విప్పిందండి. చిన్నప్పుడు నేనూ అలాంటి బెంచీలోంచే లేచొచ్చాను. నువ్వేమనుకుంటున్నావని నన్నెవరూ అడగలేదు. బెంచీల్లో లోపం లేదు. నేల బాగుచేయించండి, ఏటా నన్ను పిలవక్కర్లేదు. అది కనిపెట్టింది పిల్లలు. ఆ రోజు నా మాట వినుంటే తప్పు నేర్చుకునేవాళ్లు."

"మీ పని మీరే పోగొట్టుకుంటున్నారు."

"పోనివ్వండి."

హెడ్మాస్టరు అతన్ని ఎగాదిగా చూసి, టీచరమ్మ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టాడు. బయట కాచుక్కూర్చున్న తల్లిదండ్రులకి చూపించడానికి, సొంత లాభం చూసుకోని మనిషి సాక్ష్యం దొరికిందని సంబరపడ్డాడు.

మేస్త్రీ వరండా ఊడ్చి, సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ కూతుర్ని టీచరమ్మని చెయ్యడానికి అతను అమ్ముకున్నది సరిగ్గా నూట ఎనభై గజాల స్థలం.