ఎనిమిది గొంతుల పాట

“ఏటి యోహాన్, అందరూ ఒకేసోట గుమిగూడి పాడినట్టుంది! ఒక్కో గొంతునీ ఒక్కో పక్క పెట్టమన్నాను గదా!”

రోజలిన్ ఇయర్‌ఫోన్స్ తీసేసి నిలదీసింది. గోపాలపట్నంలోని ఆ చిన్న స్టూడియోలో వారం నుంచీ ఇదే గొడవ. పాటను స్పేషియల్ ఆడియోలో చేయించి క్రిస్మస్ పాటల పోటీకి పంపాలని ఆమె పట్టుదల. వినేవాళ్ళకి చుట్టూ నిలబడి పాడుతున్నట్టే ఉండాలి.

“పెట్టేనక్కా. నీ ఫోన్ ఇలాగియ్యి.” స్టూడియోలో రికార్డింగులు చేసే యోహాన్ సెట్టింగ్స్ తెరిచి నవ్వాడు. “ఇదిగో, మోనో ఆన్‌లో ఉంది. రెండు సెవులకీ ఒకటే సౌండొత్తంది. అది ఆపేసి స్పేషియల్ ఆన్ సేసేను. ఇప్పుడిను.”

రోజలిన్ కళ్ళు మూసుకుంది. ఎడమవైపు నుంచి సన్నని గొంతొకటి పాట ఎత్తుకుంది. కుడివైపు నుంచి మరొకటి బదులిచ్చింది. అంతలో వెనక నుంచి మంద్రంగా ఇంకొకటి కలిసింది. ఆమె ఒళ్ళు పులకరించింది.

“ఎనకాల పాడినావిడ గొంతు బొంగురుగా ఉందక్కా. జలుబు సేసిందేమో. ఆవిణ్ణి ఓసారి ఇక్కడికి తీసుకొచ్చీ, మళ్ళీ రికార్డు సేద్దాం.”

“అక్కర్లేదు, ఇంటికాడే రికార్డు సేసి తెత్తాను. అందరూ ఒకేసారి పాడ్డం కుదరకే గదా, ఇలాగ ఇడివిడిగా తెత్తన్నాను!”

ఆ పోటీకి న్యాయనిర్ణేత విజయరత్నం మాస్టారని ఆమెకి తెలుసు. వన్ టౌన్‌లో వాళ్ళ చర్చి గాయక బృందాన్ని నడిపేది ఆయనే. “నీ గొంతు నలుగురితో కలవదమ్మా” అని నిరుడు అందరి ముందూ ఆమెను పక్కకు తప్పించిందీ ఆయనే. ఆ తర్వాత ఆమె చర్చిలో పాటకి పెదవి విప్పలేదు.

ఫలితాల రోజు బీచ్ రోడ్డులోని హాలు కిటకిటలాడింది. పాడినవాళ్ళ పేర్లు తెలియకుండా, పాటలు మాత్రమే మాస్టారికి ముందే ఇయర్‌ఫోన్స్‌లో వినిపించారు. ఆయన మైకు అందుకున్నారు.

“అన్నిట్లోకీ ఒక పాట నన్ను కట్టిపడేసింది. ఎనిమిదిమంది చుట్టూ నిలబడి నాకోసమే పాడినట్టుంది. ఆ గొంతులు ఎంత చక్కగా కలిశాయో! ఒకరి ఊపిరి ఇంకొకరికి తెలిసినట్టు పాడారు. ఇలాంటి బృందాన్ని నేనింతవరకూ వినలేదు. మొదటి బహుమతి వాళ్ళదే!”

కవరు విప్పి, అందులోని పేరు రెండుసార్లు చూసుకుని ఆయన పైకి చదివారు. చప్పట్ల మధ్య రోజలిన్ తల ఎత్తుకుని వేదికెక్కింది. వెనక వరుసలోంచి యోహాన్ ఈల వేశాడు.

“నువ్వా అమ్మా!” మాస్టారు రెండు చేతులూ జోడించారు. “ఆవేళ నేను తొందరపడ్డాను. మిగతా ఏడుగురినీ పిలువు, అందరికీ శాలువాలు కప్పుతాను.”

రోజలిన్ మైకు దగ్గరికి జరిగింది.

“ఇంకెవులూ లేరు మాస్టారూ, ఎనిమిది గొంతులూ నావే.”