జమ్మి మొలకల బడి

నీడన్నదే ఎరగని ఒక ఎడారిలో పేడపురుగులు, చీమలు, పిచ్చుకలు కలిసి పిల్లలకు బడి పెట్టాయి. గింజను పేడ ఉండలో చుట్టి నాటడం పురుగుల పాఠం, మట్టి గుల్ల చేయడం చీమలది, మొలకను మిడతల నుంచి కాయడం పిచ్చుకలది. ఎవరి పిల్లలైనా మూడూ నేర్వాల్సిందే. అలా జానెడేసి జమ్మి మొలకలు లేచాయి.

ఒకరోజు ఒంటె వచ్చి అన్నిటినీ మేసేసింది. పైగా, "ఇసుకకి చదువులేమిటర్రా? ఇక దేన్ని చూపించి పాఠం చెబుతారు?" అని పళ్లికిలించింది.

పిల్లలు గొల్లుమన్నాయి. ముసలి పేడపురుగు ఉండలమ్మకు ఒళ్లు మండింది. ఒంటె మొహం చూడటం మానేసి, చరచరా నడిచి దాని తోక కింద నిలబడింది.

"అక్కడేం పనే నీకు?" అంది ఒంటె.

"నిన్న ఎడారి అవతల జమ్మికాయలు మెక్కావటగా మామా! నీ కడుపులో నానిన గింజ చప్పున మొలుస్తుంది. నువ్వు మేసిన మొలకలన్నీ అలా వచ్చినవే. మేయి, ఎంత మేస్తావో మేయి!"

ఒంటె తోక బిగించింది. ఎంతసేపని బిగిస్తుంది?

"ఏడుపులాపి రండర్రా పిల్లలూ," అంది ఉండలమ్మ. "విత్తనాలొస్తున్నాయి."